ఇరువది పరమాణువుల బంగారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున జ్ఞానదీపమును ఆరనీయక కాపాడుకొని వచ్చిన ఈ గ్రంథాలయపు రజతోత్సవమున, శాస్త్ర విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆహ్వానించిన పెద్దలకు నా వందనములు. ఇట్టి సభలలో శాస్త్రమనగానే సూర్యచంద్రులను గూర్చియో, నక్షత్రములను గూర్చియో ముచ్చటించుట వాడుక. నేను నేడు మిక్కిలి చిన్న వస్తువును గూర్చి విన్నవింప దలచితిని. పది, ఇరువది, ఏబది పరమాణువులు మాత్రమే కూడి ఏర్పడిన లోహపు కణములను పరమాణు గుచ్ఛములందురు. ద్రాక్షగుత్తిలో పండ్లు చేరియున్నట్లు వీనిలో పరమాణువులు చేరియుండును. ఆ చేరిక ఏ ఆకారమున ఉండును? కంటికి కనబడని ఆ ఆకారమును గణితముచే ఎట్లు తెలిసికొనగలము? గణక యంత్రము చెప్పిన సమాధానమును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నలే నేటి నా ఉపన్యాసము.

కాసు బంగారమును కంసాలి రెండుగా ఖండించినచో రెండు ముక్కలును బంగారమే. వానిని మరల నాలుగుగా, నలువదిగా ఖండించినను రంగు మారదు, మెత్తదనము మారదు, కరగు వేడిమి మారదు. ఎంత ఖండించినను బంగారము బంగారముగనే యుండునని మనకు తోచుట సహజము. కాని ఈ నమ్మకమునకు ఒక హద్దు కలదు. 1857వ సంవత్సరమున ఇంగ్లండులో మైకేల్ ఫారడే మహాశయుడు బంగారమును అతిసూక్ష్మ కణములుగ నీటిలో తేలియుండునట్లు చేసి, ఆ నీరు పసుపుపచ్చగ గాక కెంపువలె ఎఱ్ఱగ నుండుటను పరిశీలించెను. ఆ నీటిలో నున్నది బంగారమే. మారినది దాని పరిమాణము మాత్రమే. పరిమాణము మారగా రంగు మారినది.

ఫారడే చూచిన కణములకంటెను చిన్నవి మన గుచ్ఛములు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందొక భాగమునకు నానోమీటరని పేరు. ఇరువది బంగారు పరమాణువుల గుచ్ఛము మొత్తము సుమారు ఒక నానోమీటరు మాత్రమే యుండును. ఇంత చిన్న వస్తువులో ముఖ్యమైన విశేషమేమనగా, దానికి లోపలిభాగమనునది దాదాపుగ లేదు. కాసు బంగారములో పరమాణువులన్నియు ఇంచుమించు లోపలనే యుండి, నలుదిక్కుల ఇరుగుపొరుగువారిచే చుట్టబడి యుండును. పదుమూడు పరమాణువులు బంతివలె చేరినచో, నడుమ నొక్కటి, పైన పండ్రెండు. ఏబదియైదు చేరినచో లోపల పదుమూడు, పైన నలువదిరెండు. పైనున్న పరమాణువునకు ఒక వైపున పొరుగు లేదు. కావున అది ఇతర పదార్థములతో చేయి కలుపుటకు సిద్ధముగ నుండును.

ఇందువలన లోకమునకు ప్రయోజనమేమి యని తాము అడుగవచ్చును. మోటారు వాహనముల పొగలోని విషవాయువులను హరించుటకు ప్లాటినము, పల్లాడియము వంటి విలువగల లోహములను ఉత్ప్రేరకములుగ వాడుచున్నారు. ఆ పని చేయునది పైనున్న పరమాణువులే. లోపలివి వెలకు వచ్చునేగాని పనికి రావు. బంగారము దేనితోను కలియదని, తుప్పు పట్టదని మనము దానిని ఆభరణములకు వాడుచున్నాము గదా! అట్టి బంగారమునే కొలది నానోమీటర్ల కణములుగ చేసి లోహ ఆక్సైడులపై పరచినచో, ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడు వాయువును అది సున్న డిగ్రీలకు దిగువ చలిలోకూడ కాల్చివేయగలదని 1987లో జపానునందు హరూతా, ఆయన సహచరులు ప్రకటించిరి. ముద్దగనున్నప్పుడు సోమరియైన లోహము, చిన్నదైనప్పుడు పనివాడైనది.

చిన్నతనమున ఇంకొక వింత కలదు. ఒక్క పరమాణువు ఎక్కువైనను తక్కువైనను గుణము మారిపోవును. 1984లో అమెరికాలోని బర్క్‌లీ నగరమున నైట్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు సోడియము ఆవిరిని చల్లార్చి గుచ్ఛములను చేసి, ఎన్ని పరమాణువుల గుచ్ఛములు ఎన్ని వచ్చినవో లెక్కించిరి. 8, 20, 40, 58 పరమాణువుల గుచ్ఛములు తమ ఇరుగుపొరుగు సంఖ్యలవానికంటె మిక్కిలిగ కనబడినవి. ప్రతి సోడియము పరమాణువు తన ఎలక్ట్రాను నొకదానిని గుచ్ఛమునకెల్ల ఉమ్మడి సొత్తుగ సమర్పించును. ఆ ఉమ్మడి ఎలక్ట్రానులు ఒకే పరమాణువులో వలె అంతస్తులు అంతస్తులుగ నిండును. అంతస్తు నిండిన సంఖ్యలవద్ద గుచ్ఛము స్థిరముగ నుండును. ఈ లెక్క ఇతర లోహములకును పట్టెను. అల్యూమినియము ప్రాణవాయువు తగిలినంతనే దానితో కలియు లోహము. అట్టిదానిలో పదుమూడు పరమాణువులు, ఒక అదనపు ఎలక్ట్రానుతో కూడిన గుచ్ఛము ప్రాణవాయువును లక్ష్యపెట్టక నిలిచెనని 1989లో కాజిల్‌మన్, ఆయన సహచరులు చూపిరి. పరమాణువు ఒకటికి మూడు ఎలక్ట్రానుల చొప్పున ముప్పదితొమ్మిది, అదనపుది ఒకటి, వెరసి నలువది. అంతస్తు నిండినది!

కరగుటలోను ఇట్టి వింతయే. సామాన్యముగ కణము చిన్నదగుకొలది తక్కువ వేడిమికే కరగును. గాలియము అను లోహము ముద్దగనున్నప్పుడు సుమారు 30 డిగ్రీల వేడిమికే, అనగా అరచేతిలోనే కరగును. కాని దాని చిన్న గుచ్ఛములు ముద్దకంటె ఎంతో ఎక్కువ వేడిమివద్దకూడ ఘనరూపముననే యుండునని 2003లో అమెరికాలో జరోల్డ్ బృందమువారు కనుగొనిరి. ఏల ఇట్లు జరుగునను ప్రశ్నకు 2004లో మన దేశమున పుణె విశ్వవిద్యాలయమునందు కన్హెరే, ఆయన సహచరులు విదేశీయ సహకారముతో గణనచేసి సమాధానము చెప్పిరి. ముద్దలో కొన్ని బంధములు గట్టివి, కొన్ని వదులైనవి. చిన్న గుచ్ఛములో పరమాణువుల నడిమి బంధములు వేఱువిధమగు గట్టి బంధములు. అందుచే అవి తెగుటకు ఎక్కువ వేడిమి కావలెను.

కాబట్టి ముద్దను చూచి గుచ్ఛమును ఊహింప వీలులేదు. పంతొమ్మిదింటిని చూచి ఇరువదిని ఊహింప వీలులేదు. ప్రతి సంఖ్యను విడిగ పరిశీలింపవలసినదే. ఈ పనికే గణక యంత్రము అవసరమైనది.

ఇక రెండవ ప్రశ్న. గుచ్ఛముయొక్క ఆకారమును లెక్కచే తెలిసికొనుట యెట్లు? వర్షపు నీరు పల్లమునకు చేరినట్లు, పరమాణువులు తమ మొత్తము శక్తి మిక్కిలి తక్కువగనుండు అమరికను చేరగోరును. కావున చేయవలసిన పనులు రెండు. ఏదైన నొక అమరికను ఇచ్చినచో దాని శక్తి యెంతయో లెక్కించుట మొదటిది. అన్ని అమరికలలోను తక్కువ శక్తి గల దానిని వెదకి పట్టుట రెండవది.

మొదటి పనికి మూలము 1926లో ష్రోడింగరు ఇచ్చిన సమీకరణము. కాని అనేక ఎలక్ట్రానులు ఒకదానినొకటి త్రోసికొనుచు తిరుగునపుడు ఆ సమీకరణమును ఖచ్చితముగ సాధించుట మానవునకుగాని యంత్రమునకుగాని సాధ్యము కాలేదు. ఈ చిక్కును విప్పుటకు వాల్టర్ కోన్ ఒక దారి చూపెను. ప్రతి ఎలక్ట్రానును విడివిడిగ వెంబడింపనక్కరలేదనియు, ఏ చోట ఎలక్ట్రానుల సాంద్రత యెంతయో తెలిసిన చాలుననియు ఆయన 1964లో హోహెన్‌బర్గుతోను, 1965లో షాముతోను కలిసి ప్రతిపాదించెను. సభలో ప్రతివాని కదలికను వ్రాసికొనక, ఏ మూల ఎంత జనమున్నారో తెలిసికొన్నట్లు. ఇందులకు ఆయనకు 1998లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. కాని ఒక్క మాట మరువరాదు. ఈ సిద్ధాంతము సత్యమేగాని, అందు శక్తిలోని ఒక భాగమునకు ఖచ్చితమైన సూత్రము నేటికిని లేదు. దానిని ఉజ్జాయింపుగ తీసికొనవలసినదే.

ఇంతకంటె చౌకయైన దారియు కలదు. ఎలక్ట్రానులను విడిచిపెట్టి, ప్రతి పరమాణువునకు పొరుగువారెందరు, ఎంత దూరమున నున్నారను విషయమును బట్టి శక్తిని చెప్పు సూత్రములు కొన్ని కలవు. 1981లో గుప్త అను శాస్త్రజ్ఞుడు చూపిన సూత్రము లోహములకు విరివిగ వాడబడుచున్నది. ఇది సామాన్యమైన కంప్యూటరుమీదకూడ వేగముగ నడచును.

రెండవ పని మొదటిదానికంటె కఠినము. పర్వతములు, లోయలు, గుంటలు నిండిన ఒక గొప్ప దేశమును ఊహింపుడు. ప్రతి గుంటయు ఒక నిలుకడ గల అమరిక. అన్నిటికంటె లోతైన గుంటను కనుగొనవలెను. చేతిలో దీపము లేదు. కాలిక్రింద వాలు మాత్రమే తెలియును. పదుమూడు పరమాణువులకు, జడవాయువులందుండునట్టి సరళమైన ఆకర్షణను ఊహించి లెక్కించినను, ఇట్టి గుంటలు సుమారు పదునైదు వందలు కలవని తేలినది. సంఖ్య పెరుగుకొలది గుంటలు లెక్కకు మిక్కిలియగును. గ్రుడ్డిగ దిగువకు నడచినవాడు మొదటి గుంటలోనే చిక్కుకొనును.

ఈ చిక్కునుండి బయటపడుటకు శాస్త్రజ్ఞులు కొన్ని ఉపాయములు పన్నిరి. కాచిన లోహమును మెల్లమెల్లగ చల్లార్చినచో పరమాణువులు కుదురుగ సర్దుకొనును గదా! అట్లే లెక్కలోను వేడిమిని కల్పించి, మెల్లగ తగ్గించు పద్ధతిని 1983లో కిర్క్‌పాట్రిక్, ఆయన సహచరులు ప్రకటించిరి. 1995లో డీవెన్, హో అనువారు రెండు మంచి గుచ్ఛములను చెరిసగముగ కోసి, ఒకదాని సగమును వేఱొకదాని సగముతో మామిడి అంటు కట్టినట్లు కలిపి, పుట్టిన సంతానములో మేలైనవానిని నిలుపుకొనుచు పోవు పద్ధతిని చూపిరి. 1997లో వేల్స్, డోయ్ అనువారు ఒక గుంటనుండి మరియొక గుంటకు దుముకుచు, దుమికినచోటినుండి అడుగువరకు జారుచు, ఆ క్రొత్త గుంట లోతైనదైన అచట నిలిచి, మెరకయైనను అప్పుడప్పుడు దానిని అంగీకరించుచు సాగు పద్ధతిని ప్రచురించిరి. అప్పుడప్పుడు మెరకను అంగీకరించుటలోనే దీని కిటుకు ఉన్నది. ఎల్లప్పుడును లాభమే కోరువాడు చిన్న గుంటలోనే యుండిపోవును.

అయినను ఒక నిజమును చెప్పక తప్పదు. ఈ పద్ధతులలో ఏదియు, ఇరువది ముప్పది పరమాణువుల నిజమైన లోహగుచ్ఛమునకు ఇంతకంటె తక్కువ శక్తి గల అమరిక లేనే లేదని ప్రమాణము చేయజాలదు. ఇంతవరకు వెదకినవానిలో ఇది మేలని మాత్రమే చెప్పగలదు.

ఇచటనే మూడవ ప్రశ్న ఉదయించుచున్నది. యంత్రము చెప్పినదానిని నమ్ముట యెంతవరకు? ఈ ప్రశ్నకు బంగారమునకు మించిన ఉదాహరణము లేదు.

పొరుగువారిని లెక్కించు చౌక సూత్రముతో చిన్న బంగారు గుచ్ఛములను వెదకినచో యంత్రము గుండ్రని, దట్టమైన ఆకారములను చూపును. ఎక్కువమంది పొరుగువారున్న మేలని ఆ సూత్రము తలచును గనుక అది సహజము. కాని ఎలక్ట్రానులను గణించు పద్ధతితో వెదకినచో చిన్న బంగారు గుచ్ఛములు బల్లపరుపుగ, విస్తరాకువలె పరచుకొని యుండునని తేలినది. ఒక అదనపు ఎలక్ట్రాను గల ఏడు పరమాణువుల గుచ్ఛము రాగి, వెండి లోహములలో గుండ్రముగను, బంగారములో బల్లపరుపుగను ఉండునని 2002లో హాకినెన్, మోసెలర్, లాండ్‌మన్ అనువారు చూపిరి. దీనికి కారణము ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతముతో ముడిపడి యున్నది. బంగారు పరమాణు కేంద్రకములో డెబ్బదితొమ్మిది ప్రోటానులు కలవు. అంతటి ఆకర్షణకు లోపలి ఎలక్ట్రానులు వెలుతురు వేగములో సగమునకు మించిన వేగముతో తిరుగును. అందువలన ఎలక్ట్రానుల అంతస్తులు కొన్ని ముడుచుకొని, కొన్ని విప్పారి, ఒకదానికొకటి దగ్గరయగును. ఆ కలయిక బల్లపరుపు బంధములకు అనుకూలించును. బంగారమునకు పచ్చని వన్నెయు ఇందువలననే కలిగినది.

అట్లని ఎలక్ట్రానుల గణన యెల్లప్పుడును ఒకే మాట చెప్పునా? అదియు లేదు. ఎనిమిది బంగారు పరమాణువుల గుచ్ఛము బల్లపరుపుగ నుండునా, ఉబ్బియుండునా యను విషయమై 2005లో ఒక ఉన్నతమైన గణన ఉబ్బియుండునని చెప్పగా, 2006లో మరింత విస్తృతముగ చేసిన గణన బల్లపరుపే యని చెప్పినది. ఎనిమిది పరమాణువులకే ఇంత వాదము! యంత్రము తప్పుచేసినదా? లేదు. దానికి ఇచ్చిన ఉజ్జాయింపునుబట్టి అది చెప్పినది. ఉజ్జాయింపు మనుష్యునిది.

మఱి తీర్పరి యెవరు? ప్రయోగమే. సమానమైన బరువు గల గులకరాయిని, తాటాకు విసనకఱ్ఱను గాలిలో విసరినచో రాయి దూసికొనిపోవును, విసనకఱ్ఱకు గాలి అడ్డుపడును. ఈ సూత్రముపైననే గుచ్ఛములను హీలియము వాయువుగుండ పంపి, అవి దాటుటకు పట్టిన కాలమునుబట్టి ఆకారమును నిర్ణయింపవచ్చును. 2002లో జర్మనీలోని కార్ల్స్రూ నగర శాస్త్రజ్ఞులు ఇట్లు కొలిచి, గణనతో పోల్చి, రుణావేశము గల బంగారు గుచ్ఛములు పదునొకండు పరమాణువుల వరకు బల్లపరుపుగ నుండుననియు, పండ్రెండింటివద్ద రెండు రకములును కనబడుననియు ప్రకటించిరి.

మఱుసటి సంవత్సరము, అనగా 2003లో, అమెరికాలో జున్ లీ, లై-షెంగ్ వాంగ్, వారి సహచరులు ఇరువది పరమాణువుల గుచ్ఛముపై లేజరు వెలుతురు ప్రసరింపజేసి, వెడలివచ్చిన ఎలక్ట్రానుల శక్తులను కొలిచిరి. ప్రతి ఆకారమునకు ఆ శక్తుల వరుస వేఱుగ నుండును. అది వ్రేలిముద్ర వంటిది. అనేక ఆకారములకు ఆ వ్రేలిముద్రను గణించి చూడగా కొలతతో సరిపోయినది ఒక చతుర్ముఖి. సంతలో బత్తాయిలను పేర్చుట తాము చూచియే యుందురు. క్రింద త్రికోణముగ పది, వానిపై ఆరు, వానిపై మూడు, కొనయందు ఒకటి, వెరసి ఇరువది. ఆ గోపురమే ఇరువది పరమాణువుల బంగారము. అందు లోపల చిక్కిన పరమాణువు ఒక్కటియు లేదు; ఇరువదియు పైననే యున్నవి. ఆశ్చర్యమేమనగా ఆ పేర్పు పెద్ద ముద్దలోని పేర్పును పోలియున్నది. ఇరువది అనునది సోడియమునందు మనము చూచిన నిండు అంతస్తు సంఖ్యయు అగుట గమనింపదగినది. 2008లో వేఱొక బృందము ఆవేశము లేని ఇరువది పరమాణువుల గుచ్ఛమును పరారుణ కిరణములచే పరీక్షించి, అదియు చతుర్ముఖియే యని నిర్ధారించినది. రెండు మార్గముల సాక్ష్యము ఒకటైనది గనుక మనము నమ్ముచున్నాము.

నేటి సభ ఇరువదియైదవ సంవత్సరపు సభ గనుక ఇరువదియైదు పరమాణువుల బంగారమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. గంధకముతో కూడిన పదునెనిమిది అణువులు కంచెవలె చుట్టియుండగా ఇరువదియైదు బంగారు పరమాణువుల గుచ్ఛము సీసాలో నిలువయుంచదగినంత స్థిరముగ నుండును. దాని కూర్పు తెలిసియు ఆకారము కొంతకాలము తెలియలేదు. 2008లో గణనచేసిన బృందమును, స్ఫటికములపై ఎక్సు కిరణములు ప్రసరించి చూచిన బృందములును ఒకే ఆకారమును చెప్పినవి. నడుమ పదుమూడు పరమాణువుల బంతి. చుట్టును ఆరు తోరణములు. తోరణము ఒకటికి రెండు బంగారు పరమాణువుల చొప్పున పండ్రెండు. మొత్తము ఇరువదియైదు. రుణావేశము గల ఆ గుచ్ఛమున ఉమ్మడి ఎలక్ట్రానులను లెక్కింపగా ఎనిమిది. మరల నిండిన అంతస్తే!

సోదరులారా, ఈ కథవలన గ్రహింపదగినది యేమి? నేడు కంప్యూటరు ప్రతి యింటికి, ప్రతి జేబుకును వచ్చినది. అది చెప్పినదే వేదమని తలచువారు పెరుగుచున్నారు. గుచ్ఛముల శాస్త్రము మనకు వేఱొక మర్యాదను నేర్పుచున్నది. యంత్రమును గౌరవింపుము, అది లేనిదే పదునైదు వందల గుంటలను వెదకజాలవు. కాని, ఏ ఉజ్జాయింపుతో చెప్పితివని దానిని అడుగుము. ఎన్నిచోట్ల వెదకితివని అడుగుము. నీ మాటను కొలిచి చూచుటకు మార్గమేమని అడుగుము. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము లేని లెక్క, ఎంత వేగముగ వచ్చినను, ఊహ మాత్రమే.

ఇచట కూర్చున్న బాలబాలికలకు నా మనవి యొకటి. బంగారమును గూర్చి పరిశోధించుటకు బంగారము కొననక్కరలేదు. శక్తిని గణించు కార్యక్రమములు కొన్ని ఉచితముగనే లభించుచున్నవి. చిన్న గుచ్ఛములను సామాన్య యంత్రముపై వెదకవచ్చును. కావలసినది గణితమునందు అభ్యాసము, భౌతిక రసాయన శాస్త్రములందు పఠనము, సమాధానము వచ్చిన వెంటనే సంతోషపడక మరల పరీక్షించు ఓర్పు. మొదటి రెంటిని ఈ గ్రంథాలయపు బీరువాలు ఇయ్యగలవు. మూడవదానిని మీరే అలవరచుకొనవలెను. గ్రంథాలయము వారు గణిత, విజ్ఞాన గ్రంథములకు మరికొంత చోటు కల్పించి, వీలైనచో ఒక కంప్యూటరును విద్యార్థుల అభ్యాసమునకై నెలకొల్పినచో, స్వర్ణోత్సవ సభలో ఈ విషయమును గూర్చి మాటలాడుటకు వేఱొక ఊరినుండి ఎవ్వరిని పిలువనక్కర లేకుండునని నా ఆశ.

 ఈ సంస్థ ఇతోధికముగ వర్ధిల్లుగాక!